వంత అందుకునేవాడు

తాండూరు నుంచి కరణ్‌కోట వెళ్లే దారిలో ఏ ఊళ్లో అడిగినా పరశురాంని పేరుతో గుర్తుపట్టేవాళ్లు తక్కువ. బీరయ్య తమ్ముడు అంటే మాత్రం, "ఆ, వంత పాడేటాయన గదా" అంటారు. కురుమల ఇళ్లలో కులదేవుడి పండుగ చేసుకుంటే ఒగ్గుకథ చెప్పడానికి అన్నదమ్ములిద్దరూ వెళ్లేవారు. అన్న పాట ఎత్తుకుంటాడు. చరణం చివర గొంతు వదిలేసి ఎడమవైపుకు కొంచెం తల తిప్పుతాడు. అక్కడ నిలబడ్డ తమ్ముడు ఆ చివరి మాట అందుకుని, సాగదీసి, అన్న ఊపిరి తీసుకున్నాక పాటను మళ్లీ అన్నకు అప్పగిస్తాడు. మీసాలు రాకముందు నుంచీ పరశురాం పని ఇదే. పండుగలు లేని రోజుల్లో ఇద్దరూ నాపరాళ్ల గుట్టల మధ్య గొర్రెలు కాసేవారు.

ఒకసారి ఓ టీవీ చానల్ జానపద పాటల పోటీకి డోలు, తాళాలతో జట్టుగా వెళ్లి, సగంలోనే ఓడి ఇంటికొచ్చారు. ఊరు ఆ సంగతి మరిచిపోయాక ఆ చానల్ నుంచే బీరయ్యకు ఫోన్ వచ్చింది. ఈసారి పోటీ ఇదివరకు ఓడినవాళ్లకేనట. ఒక్కొక్కరే పాడాలి. డోలూ తాళాలూ అన్నీ రికార్డులోనే వస్తాయి. పాడేవాడి గొంతుతో ఇంకో గొంతు కలిస్తే పోటీలోంచి తీసేస్తారు.

తాండూరు బస్టాండు దగ్గర మల్లయ్య హోటల్లో దాని మీదే చర్చ.

"ఓడినోన్ని మళ్ల పిలిచేది రెండోసారి ఓడగొట్టనీకే" అన్నాడు మల్లయ్య, చాయ్ వడపోస్తూ.

"సర్పంచి ఎలక్షన్ల రెండుసార్లు ఓడినోడు మూడోసారి గెలుస్తలేడా?" అన్నాడు బెంచీ మీద కూర్చున్న ఒకాయన.

"ఆయినె ఊరందరికి మందు పోసిండు. బీరయ్య ఏం పోస్తడు, గొర్రెపాలా?"

అందరూ నవ్వారు. పరశురాం కూడా నవ్వాడు గానీ చాయ్ సగంలోనే వదిలేసి లేచాడు. వాళ్లెవరికీ తెలియనిది అతనికి తెలుసు. బీరయ్య గొంతులో గడ్డ ఉంది. ఆపరేషన్ చేయక తప్పదనీ, ఆ తర్వాత మాట ఉంటుందో ఉండదో చెప్పలేననీ వికారాబాద్‌లో డాక్టరు అన్నాడు. "ఒక్కపారి నా పాట నలుగురు ఇననీ, అటెన్క ఏమన్న కోసుకోండ్రి" అని బీరయ్య మొండికేశాడు. ఈ పోటీలో నెగ్గితే చివరి రోజు రాష్ట్రమంతా చూస్తుండగా కథ మొత్తం చెప్పనిస్తారు. ఆయనకు కావలసింది అదొక్కటే.

బీరయ్య బిడ్డ సింధుజ తాండూరులో ఓ ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. ఆ సాయంత్రం ఫోన్‌లో ఏదో చదివి హుషారుగా వచ్చింది.

"నాయినా, స్వీడన్ అని ఓ దేశమున్నది. ఆడ గూడ ఏటేటా టీవీల గిసొంటి పోటీయే. ఓడినోళ్లు మళ్లమళ్ల వస్తరట. రెండుసార్లు ఓడి, ఏండ్ల తర్వాత వచ్చి గెలిచినోళ్లు గూడ ఉన్నరట."

"మళ్ల వచ్చి మళ్ల ఓడినోళ్లు?" అడిగాడు పరశురాం.

"వాళ్లే ఎక్వ ఉంటరు గని కాకా, గది జర పక్కకు పెట్టరాదు!"

బీరయ్య మీసాల కింద నవ్వుకున్నాడు. "ఆడ వంతెవరు పాడ్తరు బిడ్డా?"

"గది రాయలే నాయినా."

ఇంటి ముందు సాధన మొదలైంది. చానల్ వాళ్లు పంపిన సంగీతం సింధుజ ఫోన్‌లో పెట్టింది. "నల్లమబ్బు దిగొచ్చె, మంద యాడున్నదే" అని పాడి బీరయ్య ఆగాడు. "యాడున్నదో మంద యాడున్నదే" అని పరశురాం అందుకున్నాడు. సంగీతం ఎవరికోసమూ ఆగకుండా ముందుకు వెళ్లిపోయింది.

"కాకా!"

"తప్పయింది బిడ్డా. ఇగ నోరు తెరువ."

తెరవలేదు. అయినా బీరయ్య ఆగుతూనే ఉన్నాడు. తమ్ముడు ఎదురుగా ఉంటే చరణం చివర ఆగకుండా పాడడం ఆయనకు చేతకాలేదు. పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తున్న బీరయ్య భార్య ఎంకమ్మ చూసి చూసి బయటికొచ్చింది. "నువ్వు గొర్లను తోలుకొని పో పరశురామా. నువ్వు కానొస్తే మీ అన్నకు పాట సాగది."

వదిన మాట నిజమైంది. రాళ్లగుట్ట అవతల గొర్రెల మధ్య నిలబడి పరశురాం చెవులు రిక్కించాడు. అన్న గొంతు ఎక్కడా తెగకుండా, సంగీతాన్ని పట్టుకుని చివరిదాకా నడిచింది. పరశురాం పెదాలు మాత్రం చరణం చరణానికీ కదిలాయి. పక్కనున్న పొట్టేలు మెడ గట్టిగా పట్టుకున్నాడు.

పోటీ రోజు ఎక్కడో వెనక కూర్చుంటానని ఒట్టేసి వాళ్లతో హైదరాబాద్ వెళ్లాడు. స్టూడియోలో చిట్టచివరి వరుసలో, తువ్వాలు తలమీద కప్పుకుని కూర్చున్నాడు. చెవికి మైకు తగిలించుకున్న ఓ అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది.

"బీరయ్యగారి బ్రదర్ మీరే కదా? ఫ్యామిలీ ముందు కూర్చోవాలి సార్. కెమెరా మీ మీదికి వస్తుంది."

"నేనీడనే ఉంట తల్లీ. నన్ను చూస్తే ఆయన ఆగుతడు."

"టెన్షన్ పడకండి సార్. అన్న పాడుతుంటే తమ్ముడు కళ్లు తుడుచుకుంటే ఎంత బాగుంటుందో! రండి రండి."

చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ముందు వరుసలో ఎడమ చివర కూర్చోబెట్టింది. లేవబోతే అప్పటికే దీపాలు ఆర్పేశారు.

బీరయ్య ఎత్తుకున్నాడు. మొదటి చరణం సాగింది. రెండోది ఇంకా బాగా సాగింది. న్యాయనిర్ణేతల్లో ఒకావిడ కళ్లు మూసుకుని తల ఊపుతోంది. పక్క కుర్చీలో ఎంకమ్మ ఊపిరి బిగబట్టింది. అప్పుడు, కెమెరా కోసం, కుటుంబం కూర్చున్న వరుస మీదికి వెలుగు తిప్పారు.

బీరయ్య తమ్ముణ్ని చూశాడు. చరణం చివర గొంతు వదిలేశాడు. అలవాటుగా ఎడమవైపుకు తల తిప్పి నిలబడ్డాడు.

అందుకుంటే అన్నను పోటీలోంచి తీసేస్తారు. పరశురాం తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. సంగీతం వెళ్లిపోతోంది. బీరయ్య ఇంకా తమ్ముడి వైపే చూస్తున్నాడు, ఇదిగో వస్తుంది అన్నట్టు. తేరుకుని పాట మళ్లీ ఎత్తుకునేసరికి రికార్డులో డోలు ఎక్కడో ఉంది, ఆయన ఎక్కడో ఉన్నాడు. పరశురాం కళ్ల నీళ్లు కెమెరా దగ్గరగా చూపించింది.

లింగంపల్లిలో ప్యాసింజరు ఎక్కారు. ఎంకమ్మ రొట్టెల మూట విప్పి, మళ్లీ కట్టేసింది. శంకర్‌పల్లి దాటాక బీరయ్య అడిగాడు.

"ఏందిరా, అందుకోకపోతివి?"

"అందుకుంటే నిన్ను తీసేస్తుండిరి అన్నా."

"తీసేసిరి గద, ఎట్లైనా."

వికారాబాద్‌లో సగం బోగీ ఖాళీ అయింది. అన్నదమ్ములు చెరో కిటికీ వైపు జరిగి కూర్చున్నారు.

ఆపరేషన్ అయ్యాక బీరయ్యకు గొంతు రాలేదు. ఏడాది నిండకుండానే ఆయన పోయాడు. ఆ మధ్యకాలంలో సాయంత్రాలు మంచం మీద కూర్చుని పాట ఎత్తుకునేవాడు. పెదాలు కదిలేవి, చప్పుడు ఉండేది కాదు. చరణం చివర ఎడమవైపుకు తల తిప్పేవాడు. పెదాలను బట్టి ఏ పాటో పోల్చుకుని పరశురాం వంత అందుకునేవాడు. దారిన పోయేవాళ్లకు ఆ వంత ఒక్కటే వినిపించేది.

చివరి రోజుల్లో ఓసారి పెదాలు మరీ సన్నగా కదిలాయి. ఏ పాటో పరశురాం పోల్చుకోలేకపోయాడు. తోచిన వంత ఒకటి పాడాడు. బీరయ్య కాదన్నట్టు తల ఊపాడు. ఇంకొకటి పాడాడు. అదీ కాదు. పరశురాం వరుసగా తనకు తెలిసిన వంతలన్నీ పాడుతూ పోయాడు. బీరయ్య తల ఎడమవైపుకు తిప్పి, అలాగే ఎదురుచూస్తూ కూర్చున్నాడు.