మెతుకు ముట్టని చెంచయ్య

మాచవరం మోతుబరి చెంచయ్యకు మధుమేహం ముదిరి కాలికి పుండు లేస్తే, నరసరావుపేట డాక్టరు అన్నం మానమన్నాడు. జొన్న సంకటి తినే ఊళ్లో వరి అన్నమే పరువనుకునే మనిషి, పాపం, ఆ పరువునే వదులుకున్నాడు. ఏకాదశినాడు అట్లు తిన్నా ఉపవాసం చెడదు కనుక, అన్నం కానిదంతా ఆయన లెక్కలో ఫలహారమే. పొద్దున దిబ్బరొట్టె, మధ్యాహ్నం అరిసెలు, రాత్రికి బెల్లం పొంగడాలు.

నెల తిరిగేసరికి కాలిపుండు పెద్దదైంది.

"మెతుకు ముట్టలేదండీ," అన్నాడు డాక్టరుతో.

ముట్టినవేవో భార్య నాంచారమ్మ వరసగా చెప్పింది. డాక్టరు తల పట్టుకుని, "ఇంతకంటే అన్నమే నయం గదండీ," అన్నాడు.

ఇంటికెళ్లేందుకు బండెక్కుతూ చెంచయ్య భార్యతో అన్నాడు: "ఏమే, చదువుకున్నోడి మాట తీసెయ్యకూడదు. ఫలహారం ఎట్టా ఉందో అట్టా ఉండనియ్. రేపట్నుంచి అన్నం గూడా వండు."