బోణీ కాలేదు

మా చిన్నమ్మ పోయిందన్న కబురు తెలిసిన పొద్దున, ఎల్లారెడ్డి బస్టాండులో అందరికంటే గట్టిగా ఏడ్చినవాడు పిండి గిర్ని సేటు. "ఎంత మంచి చెయ్యి! లక్ష్మి చెయ్యి!" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చావు పూట నోరు చేసుకోవద్దని ఊరుకున్నాను.

ఆ చేతిని ఆయన ఏం చేశాడో నేను చూశాను. భర్త పోయాక, బీడీలు చుట్టి చుట్టి నడుము పడిపోయి, చిన్నమ్మ బస్టాండు పక్కన జొన్నరొట్టెల కొట్టు పెట్టింది. తెల్లారి కామారెడ్డికి వెళ్లే మొదటి బస్సే ఆమెకు గిరాకి. కొలువు వెతుక్కునే పిల్లలు, కూలికి పోయే ఆడవాళ్లు ఆ బస్సుకే వెళ్లేవారు. సాయంత్రమే పిండి పట్టించుకుందామంటే కరెంటు కోత. పొద్దున్నే జొన్నల సంచితో వెళ్తే సేటుది రోజూ ఒకటే మాట.

"బోణి గాలే. జర ఆగు. ఇంకెవలన్న రానీ."

మొగుడు లేని ఆడది బోణీ చేస్తే ఆ రోజంతా గిరాకి ఉండదట! ఆమె గడప అవతల నిలబడేది. ఇంకొకరు వచ్చి, పిండి పట్టేసరికి బస్సు వెళ్లిపోయేది. పొయ్యి వెలిగించకముందే సగం బేరం పోయేది.

ఒకసారి కామారెడ్డిలో స్వయం ఉపాధి సభకు మహిళా సంఘం వాళ్లు మమ్మల్ని తీసుకెళ్లారు. ఆడవాళ్లకు ధైర్యం ఉంటే పేదరికం దానంతటదే పోతుందని ఒకాయన ఊదరగొట్టాడు. చిన్నమ్మ లేచింది.

"ధైర్యం మాకున్నది సారూ. మా చేతుల బోణి తీసుకునే ధైర్యం మీ బజారుకే లేదు."

చప్పట్లు కొట్టారు. ఏం లాభం? తెల్లారి మళ్లీ అదే గడప, అదే సంచి.

చివరికి మహిళా సంఘంలో అప్పు తీసుకుని తనే చిన్న గిర్ని పెట్టుకుంది. మా ఆయన పోయి నేను మూలన కూర్చున్నప్పుడు చెయ్యి పట్టి కొట్టుకు లాక్కొచ్చింది. "ఇయ్యాల బోణి నీది బిడ్డా. తిను, పైసలియ్యి" అంది. ఎవరూ ముట్టని నా చేతి రూపాయిని కళ్లకద్దుకుంది. నేను భోరున ఏడ్చాను. ఆ తర్వాత రోజూ మొదటి రొట్టె, బోణీ బస్టాండు ఊడ్చే అవ్వదే. ఆమెకూ మొగుడు లేడు. ఏ ఒక్క రోజూ మా గిరాకి చెడలేదు.

దినాలు కాగానే నేను కొట్టు తెరిచాను. అందరికంటే ముందు సేటే వచ్చాడు, చేతిలో టిఫిన్ డబ్బా.

"నాలుగు రొట్టెలియ్యి బిడ్డా, జల్ది. బస్సుకు పోవాలె."

"బోణి గాలే సేటూ. జర ఆగు."

"నేనే చేస్త గద!"

"నీ చేతి బోణి వద్దు. అవ్వ రానీ."

బస్టాండు ఆ కొసన అవ్వ ఇంకా ఊడుస్తూనే ఉంది. కామారెడ్డి బస్సు హారన్ కొట్టి కదిలింది. డబ్బా పట్టుకుని సేటు కొట్టు బయటే నిలబడ్డాడు.