బరి దాటిన బూడిద గీత

రజాకార్ల గొడవ సద్దుమణిగాక వచ్చిన మొదటి ఎండాకాలం. మునగాల పక్కన కోత అయిపోయిన ఓ పొలంలో రెండు ఊళ్ల చెడుగుడు జట్లు మకాం వేశాయి. పొద్దున సూర్యాపేట వాళ్లు, సాయంత్రం మిర్యాలగూడ వాళ్లు. బరి మాత్రం ఒక్కటే. కోదాడ పోటీల దాకా దాన్ని చూసుకునేది సైదయ్య.

చూసుకోవడమంటే పెద్ద మర్మమేమీ లేదు. రాళ్లేరి, మట్టి గుల్లచేసి, నీళ్లు చల్లి, బూడిదతో నడిమి గీత గీయాలి. అంతే. కానీ సైదయ్య ఒకప్పుడు సూర్యాపేట జట్టులో కూతకు పోయిన మనిషి. ముట్టించుకున్నవాడు చచ్చినట్టే కదా, పోయి గట్టు మీద కూర్చోవాలి. అతను ఆడిన రోజు గట్టు నిండా చచ్చినవాళ్లే. కిందటేడు జ్వరమొచ్చి ఛాతీలో దిగింది. ప్రాణం మిగిలింది, దమ్ము పోయింది.

మళ్లీ ఆడతానంటే జట్టు నాయకుడు దీప్లా మొహమాటపడలేదు. "మామా, నడిమి గీత ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క దమ్ముల గియ్యి. గీసిన్నాడే జట్టుల దింపుత."

అప్పటినుంచి సైదయ్య రోజూ తెల్లవారుతుండగా వంగి, కూత పెడుతూ గీత గీసేవాడు. దమ్ము తెగిన చోట జానెడు సందు వదిలి మళ్లీ మొదలుపెట్టేవాడు. కప్పిపెట్టడం అతనికి గిట్టదు. ఆ సందు చూసి ఆటగాళ్లు, "ఇయ్యాల గీతకు దగ్గొచ్చినట్టున్నదే!" అనేవారు.

ఇంట్లో భార్య ముత్తమ్మది ఇంకో గోల. "నిద్రల గూడ గదే కూతనా? పక్కన పండుకున్నదాన్ని ముట్టి ఉరుకుతున్నవ్!"

నిజమే. కలలో బరికి అంచులుండేవి కావు.

కోదాడకు బయలుదేరే రోజు రానే వచ్చింది. మబ్బు కిందికి దిగి, బరి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కంటికి ఆనడం లేదు. సైదయ్య బూడిద గంప చంకన పెట్టి కూత అందుకున్నాడు. చెడుగుడు, చెడుగుడు... తడి మట్టి పాదాలను మెత్తగా పట్టుకుని వదులుతోంది. కూత తన గొంతులోంచి కాక నేలలోంచి వస్తున్నట్టుంది. మసకలో ఎవరో వెనక్కి జరుగుతున్నారు, పాత రోజుల్లో జరిగినట్టే. నడిచాడు. కొస రాదేం? నడిచాడు.

కాళ్లకు వరి కొయ్యలు గుచ్చుకున్నాయి. బరి ఎప్పుడో దాటిపోయింది. గంపలో బూడిద అయిపోయింది, దమ్ము అయిపోలేదు.

వేపపుల్ల నములుతూ దీప్లా ఎదురొచ్చాడు. "గిదేం గీత మామా? మునగాలను రెండు ముక్కలు జేస్తవా ఏంది?"

జవాబిస్తే కూత తెగుతుంది. సైదయ్య కూత పెడుతూనే వెళ్లి అతని భుజం ముట్టి, వెనక్కి తిరిగి గీత దాటాడు. అప్పుడు వదిలాడు ఊపిరి.

దీప్లా ఆ గీతను మొదలుదాకా చూశాడు. ఎక్కడా సందు లేదు. పుల్ల ఉమ్మేసి నవ్వాడు.

"సచ్చిన పో," అని గట్టు మీద చతికిలబడ్డాడు. "బండి కట్టమను. నువ్వు గూడ ఎక్కు."