నేను చెప్పని సాక్ష్యం

గుమ్మడిదల వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో నేను కెమిస్టుగా పనిచేశాను. ఒకసారి దగ్గుమందు తయారీకి డ్రమ్ముల్లో వచ్చిన ద్రవాన్ని పరీక్షించకుండానే, పరీక్షించినట్టు రాయమన్నారు. నేను రాయనన్నాను. ఇంకెవరో రాశారు, నేను చూస్తూ ఊరుకున్నాను. ఆ మందు తాగి దూరదేశంలో పిల్లలు చనిపోయారు.

అక్కడి కోర్టులో ఒక తల్లి కేసు వేసింది. ఆమె వకీలు ఎలాగో నన్ను పట్టుకుని, వీడియోలో సాక్ష్యం చెబుతారా అని అడిగాడు. పరీక్ష జరగలేదని చెప్పడానికి ఒప్పుకున్నదాన్ని నేనొక్కదాన్నే. ముందుగా రాసి పంపమంటే నాలుగు పేజీలు రాశాను.

మా ఇంట్లోనే ఉండే నాయన భూమి కాగితాలతో ఆఫీసుల చుట్టూ తిరిగి ముసలివాడయ్యాడు. ముద్ర లేనిది ఆయన దృష్టిలో కాగితమే కాదు.

"గట్ల ఉత్తగ పంపితే ఎవడు నమ్ముతడు బిడ్డా? ఠాణాల ముద్ర ఏపిస్త, పక్కా అయితది," అన్నాడు.

నవ్వుతూ ఇచ్చాను. అదీ నా చదువు, నా తెలివి.

ఎస్సై ఆ పేజీలు చదివి తన దగ్గరే ఉంచుకున్నాడు. మర్నాడు ఇంటికి జీపు వచ్చింది. కేకలు లేవు, అంతా మర్యాదే.

"గీ ముచ్చట పైదాక పోయిందమ్మా. బయటి దేశపోళ్లకు మన మీద చాడీలు చెప్తవా? పిల్లలున్న ఇల్లు, జెర సోంచాయించు," అన్నాడు ఎస్సై.

"నేనే ఇచ్చిన సార్, మా బిడ్డకేం తెల్వది," అని నాయన చేతులు కట్టుకుని పదే పదే అన్నాడు. పొలం గట్టు జానెడు జరిగితే ఊరంతా వినబడేలా అరిచిన మనిషి. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. రెండూ ఎందుకూ పనికిరాలేదు.

సాక్షి కోసం ఆ కోర్టు మన ప్రభుత్వానికీ రాసిందట. ఆచూకీ తెలియలేదని ఇక్కడి నుంచి జవాబు వెళ్లింది. విచారణ రోజు నేను కిష్టారెడ్డిపేటలో మా ఇంట్లోనే ఉన్నాను. ఇద్దరు కానిస్టేబుళ్లు మా సోఫాలో కూర్చున్నారు. ఒకాయనకు చాయ్‌లో చక్కెర తక్కువైందంటే మళ్లీ వేసి ఇచ్చాను.

వకీలు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఎత్తలేదు. అది ఆగిపోయాక, ఆ తల్లి దగ్గర నుంచి ఇంగ్లిషులో మెసేజ్ వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీరు రాలేదు. మీకేం కాలేదు కదా? మీ పిల్లలు బాగున్నారా?" అని అడిగింది.

కానిస్టేబుల్ ఇటు తిరిగేలోగా చెరిపేశాను.