జబ్బు పక్కన నిలబడేవాడు

చాత్తుణ్ణి అనేవాడు ఆ వైద్యశాలకు మొదట వచ్చింది కట్టెలు కొట్టడానికి. కేరళలో పట్టాంబికి అవతల, నది ఒడ్డున ఉన్న పాత పెంకుటిల్లే వైద్యశాల. అప్పుడతనికి పంతొమ్మిదేళ్లు. తైలం కాచే పొయ్యికి చింతకట్టె చీల్చి వెయ్యడం, మూడు రోజులపాటు సెగ పెరగకుండా, తగ్గకుండా కనిపెట్టుకుని ఉండడం అతని పని. తీరిక దొరికినప్పుడు కిటికీ పక్కన నిలబడి, లోపల మర్దన చేసేవాళ్ల చేతులు చూసేవాడు. ఎవరూ పిలిచి నేర్పలేదు. ఇంటికి వెళ్లి వడ్ల బస్తా మీద నూనె లేకుండానే చేతులు ఆడించేవాడు. లోపల గింజలు కరకరమన్నాయంటే నొక్కుడు ఎక్కువైనట్టు. అసలు కదల్లేదంటే తక్కువైనట్టు.

నాలుగో ఏడు కర్కాటక మాసంలో, వానలకు కీళ్లనొప్పుల వాళ్లంతా వచ్చి పడిన రోజుల్లో, మర్దనవాళ్లలో ఒకడు జ్వరంతో మంచం పట్టాడు. వైద్యశాల నడిపే పెద్ద వైద్యర్ చుట్టూ చూసి, "ఆ కట్టెలవాణ్ణి చేతులు కడుక్కుని రమ్మనండి" అన్నాడు. చాత్తుణ్ణి మళ్లీ గొడ్డలి పట్టలేదు.

ముప్ఫై ఐదేళ్లు గడిచాయి. పెద్ద వైద్యర్ పోయాడు, కొడుకు కుమారన్ వైద్యర్ ఆ పీట మీద కూర్చున్నాడు. చాత్తుణ్ణికి ఎదురుగా నిలబడేవాళ్లు ముగ్గురు మారారు. ఇప్పుడున్నది వేలాయుధన్, అతనికన్నా పదిహేనేళ్లు చిన్న. వేపకొయ్య తొట్టెలో రోగి పడుకుంటాడు. చెరో పక్కా ఒకరు నిలబడి, గోరువెచ్చని తైలంలో గుడ్డ ముంచి, ఒంటి మీద పిండుతూ రెండో చేత్తో రుద్దుతూ పోతారు. రోగి కళ్లు మూసుకుంటే తనను తాకుతున్నది ఒకరో ఇద్దరో తెలియకూడదు. అదీ లెక్క. అక్కడ ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పక్షవాతం మనిషి వస్తే చచ్చుబడిన పక్కన పెద్దవాడే నిలబడాలి. బాగున్న పక్క నొప్పెడితే రోగే చెబుతాడు, చెప్పలేని పక్కకు అనుభవం కావాలని పెద్ద వైద్యర్ పెట్టిన పద్ధతి.

చాత్తుణ్ణి మాటకారి కాదు. "ఈ తైలం గొప్పదా, ఆ తైలం గొప్పదా" అని ఎవరైనా చర్చ పెడితే లేచి వెళ్లి గుడ్డలు ఉతుక్కునేవాడు.

కిందటి ఓణం పండగ తరవాత ఒకరోజు పొద్దున్నే అతని భార్య మాళు పొయ్యి మీంచి గంజికుండ దించమంది. మసిగుడ్డ అందించేలోపు అతను ఉత్త చేతులతో దించి కింద పెట్టాడు.

"అయ్యో! ఏమయ్యా, అవి చేతులా, పటకారా?"

"ఏమైంది?"

"ఏమైందని నన్నడుగుతావా? చూపించు."

అరచేతులు ఎర్రబడ్డాయి. అతనికి మంట తెలియలేదు. మాళు భయపడుతుందని, "ముప్ఫై ఏళ్లు వేడి తైలంలో నానిన చేతులు, కాయలు కాశాయి" అని నవ్వేశాడు. కానీ ఆ రోజంతా రహస్యంగా పరీక్ష చేసుకున్నాడు. నూతి నీళ్లలో చెయ్యి పెట్టాడు, స్నానానికి కాగిన నీళ్లలో పెట్టాడు. రెండూ ఒకటే. నొక్కుడు తెలుస్తోంది, నూలుపోగు అడ్డొచ్చినా తెలుస్తోంది. వేడీ చల్లనా మాత్రమే పోయాయి.

ఎవరికీ చెప్పలేదు. మర్దనవాడికి వేడి తెలియదంటే వంటవాడికి రుచి తెలియదన్నట్టే. వైద్యశాల వదిలితే అతనికి చేతనైన పని ఇంకోటి లేదు. అందుకని ఒక ఉపాయం పట్టాడు. ఇద్దరి గిన్నెల్లోకీ తైలం ఒకే పాత్రలోంచి వస్తుంది. వేలాయుధన్ ముందు తన గిన్నెలో వేలు ముంచి చూసుకుంటాడు. వాడి మొహం చిట్లితే ఆగడం, మామూలుగా ఉంటే గుడ్డ ముంచడం. పది నెలలు ఒక్క పొరపాటూ లేకుండా గడిచింది.

ఈ కర్కాటకంలో సైదలవి వచ్చాడు. పెరింతల్‌మణ్ణ దారిలో ఇరవై ఏళ్లు ప్రైవేటు బస్సు నడిపినవాడు. ఎడమ పక్క పడిపోయింది, మూతి కాస్త వంకర తిరిగింది, నాలుక మాత్రం బాగానే ఆడుతోంది. తోడు వచ్చిన భార్య బియ్యాత్తు వరండాలోనే మకాం పెట్టింది.

"అన్నా, ఇరవై ఒక్క రోజులు కవళ్ల చేపల పులుసు లేకుండా ఉంచుతున్నారు. ఇది వైద్యమా, జైలా?" అన్నాడు సైదలవి మొదటిరోజే.

"కాలు కదలాలా, పులుసు కావాలా?" అన్నాడు వేలాయుధన్.

"కాలు కదిలితే పులుసు దగ్గరికి నేనే నడిచి వెళ్తానుగా!"

కట్టుబాటు ప్రకారం చాత్తుణ్ణి ఎడమ పక్కన నిలబడ్డాడు. ఎనిమిది రోజులు బాగా సాగింది. ఎడమచేతి చూపుడువేలు కొద్దిగా వంగడం మొదలైంది కూడా.

తొమ్మిదోరోజు వాన ఈదురుగాలితో కొట్టింది. తైలం తొందరగా చల్లారుతోందని వేలాయుధన్ ఇంకాస్త కాచాడు. తన గిన్నె ముందు నింపుకున్నాడు. ఇంతలో కిటికీ తలుపు కొట్టుకుంటే మూయడానికి వెళ్లి, తడిసిన గడియతో కుస్తీపట్టి వచ్చాడు. ఈలోపు పొయ్యి మీదున్న పాత్రలోంచి చాత్తుణ్ణి తన గిన్నె నింపుకుని వచ్చాడు. వేలాయుధన్ వేలు ముంచాడు. ఆ గిన్నె అప్పటికే చల్లబడింది. మొహం మామూలుగా ఉంది. చాత్తుణ్ణి గుడ్డ ముంచి, ఎత్తి, సైదలవి ఎడమ భుజం మీద పిండాడు.

ఎవరూ అరవలేదు. పిండిన చేతికి తెలియదు, పడ్డ భుజానికీ తెలియదు.

పెసరపిండితో ఒళ్లు రుద్దుతున్నప్పుడు వేలాయుధన్ చూశాడు. భుజం మీద జానెడు పొడుగున ఎర్రటి చార, మధ్యలో రెండు బొబ్బలు. కుమారన్ వైద్యర్ వచ్చి వంగి చూశాడు. కాలిన చోట రాసే, నూరుసార్లు నీళ్లలో కడిగిన నెయ్యి తెప్పించి తనే రాశాడు.

"తైలం కాచిందెవరు?"

"నేనే" అన్నాడు వేలాయుధన్. "వాన అని కాస్త ఎక్కువ కాచాను. తప్పు నాదే వైద్యరుగారూ."

"నాలుగు రోజులు పిండడం ఆపుదాం. ఆ తరవాత నువ్వు తొట్టె దగ్గరికి రావద్దు. వేరే మనిషిని చూస్తాను."

వేలాయుధన్ తల దించుకుని గిన్నెలు ఎత్తుకుపోయాడు. ఒక్కసారి చాత్తుణ్ణి వైపు చూశాడు. ఆ చూపులో నింద లేదు. పెద్దవాడు వేడి చూసుకోకుండా పోశాడని వాడు అనుకోనే లేదు.

చాత్తుణ్ణి వెనక వసారాలోకి వెళ్లి, ఉతికిన గుడ్డల్నే మళ్లీ ఉతికాడు. తను నోరు మూసుకుంటే తొట్టె దగ్గర తన చోటు తనకుంటుంది. వేలాయుధన్ పోతాడు. కొత్తవాడు వస్తాడు, వాడి మొహం చూసి నేర్చుకోవాలి. ఇంకో సైదలవి వస్తాడు. గుడ్డలు దండెం మీద ఆరేసేసరికి అతనికి సంగతి తేలిపోయింది.

కుమారన్ వైద్యర్ వరండాలో కొత్త తైలం పాకం చూస్తున్నాడు. అడుగున దిగిన పిప్పిని వత్తిలా నలిపి మంటలో పెట్టాడు. చిటపటమనకుండా వెలిగింది, అంటే నీరంతా ఇగిరినట్టే. అది ఆరేదాకా నిలబడి చాత్తుణ్ణి చెప్పాడు.

"వేలాయుధన్ తప్పు లేదు. నా చేతులకు వేడి తెలియడం లేదు."

వైద్యర్ తలెత్తాడు. లోపలికి వెళ్లి రెండు గ్లాసులు తెచ్చాడు. "కళ్లు మూసుకో." వేళ్లకు ఒకటి తాకించాడు, తరవాత రెండోది. "ఏది వేడి?"

"తెలియదు."

"ఎన్నాళ్లనుంచి?"

"ఓణం నుంచి."

"పది నెలలు! ఎలా నెట్టుకొచ్చావయ్యా?"

"వేలాయుధన్ మొహం చూసి."

వైద్యర్‌కు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. కాళ్లు చూపించమన్నాడు. పాదాలు గిచ్చాడు. "దాహం ఎక్కువా? రేపు పొద్దున్న ఆసుపత్రిలో రక్తం పరీక్షకిచ్చి రా, చక్కెర జబ్బు అయ్యుంటుంది. ఇది నా తైలంతో పోయేది కాదు." గ్లాసులు తీసుకుంటూ, "తొట్టె దగ్గరికి మాత్రం ఇక వద్దు" అన్నాడు.

"సరే. కానీ సైదలవికి నేనే చెబుతాను."

సైదలవి మంచం దగ్గర బియ్యాత్తు విసనకర్రతో ఈగలు తోలుతోంది. చాత్తుణ్ణి నిలబడే చెప్పాడు. నా చేతికి వేడి తెలియదు, దాచాను, నీ భుజం కాలింది నావల్ల అన్నాడు.

బియ్యాత్తు లేచింది. "మనిషిని కోడిలా కాలుస్తారా? తెలిసి తెలిసీ? అన్నా అన్నా అని ఎంత నమ్మాం!"

"అను తల్లీ. అనాల్సిందే."

సైదలవి పైకప్పు వైపే చూస్తూ వంకర మూతితో, "నీకు తెలియదు, నాకు తెలియదు. గుడ్డివాడు స్టీరింగు పడితే చెవిటివాడు రైట్ రైట్ అన్నట్టుంది" అన్నాడు. చాత్తుణ్ణి నవ్వలేదు. నవ్వమని సైదలవీ అడగలేదు.

రక్తపరీక్షలో చక్కెర నూలుపోగంత అనుమానం లేకుండా తేలింది. మాళు ఇంట్లో బెల్లం డబ్బా తీసి పక్కింట్లో ఇచ్చేసింది. "పది నెలలు నాకు చెప్పలేదు" అన్న ఒక్క మాటే రోజుకు నాలుగుసార్లు అంది.

ఐదోరోజు బొబ్బలు మానాయి. వేరే మనిషి దొరకలేదు. కుమారన్ వైద్యర్ తనే అంగవస్త్రం తీసి ఎడమ పక్కన నిలబడ్డాడు, కుడివైపు వేలాయుధన్. చాత్తుణ్ణి పొయ్యి దగ్గర కూర్చుని వింటున్నాడు. వేలాయుధన్ గుడ్డ చప్పుడు ఒకటి, ఆగి వైద్యర్ గుడ్డ చప్పుడు ఒకటి. రెండూ కలవడం లేదు.

పావుగంట ఓర్చుకుని సైదలవి నోరు తెరిచాడు. "వైద్యరుగారూ, కోప్పడకండి. మీ మందు మంచిదే. మీ చెయ్యి మాత్రం నిన్నగాక మొన్న లైసెన్సు తెచ్చుకున్నవాడిలా ఉంది. ఎడమ చక్రం గుంటలో, కుడి చక్రం రోడ్డు మీద."

వేలాయుధన్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"అతనికి వేడి తెలియదు సైదలవీ" అన్నాడు వైద్యర్.

"నాకు తెలుసుగా. కుడిచేయి బాగానే ఉంది. ఇరవై ఏళ్లు ఇంజను పక్కన కూర్చున్నాను, నాకన్నా వేడి తెలిసినవాడు మీ వైద్యశాలలో ఉన్నాడా? ప్రతి గిన్నే ముందు నా చేతిమీద వెయ్యండి. నేను సరే అంటేనే భుజం మీదికి."

"ఏమండీ, మీకు పిచ్చా?" అంది బయటి నుంచి బియ్యాత్తు.

"నువ్వూ లోపలికొచ్చి చూడు, ఒక కన్ను ఎక్కువుంటే మంచిదే."

వైద్యర్ ఆలోచించాడు. తర్వాత చేతులు తుడుచుకుని పక్కకు జరిగాడు. "చాత్తుణ్ణీ, రా. ఆ మనిషి సరే అనకుండా ఒక్క చుక్క పడిందో, నేనే నిన్ను ఇంటికి పంపుతాను."

చాత్తుణ్ణి వచ్చి ఎడమ పక్కన నిలబడ్డాడు. ముప్ఫై ఐదేళ్లలో ఒకరి అనుమతి కోసం గుడ్డ పట్టుకుని ఆగింది లేదు. చెవులు వేడెక్కినట్టనిపించింది. గిన్నె అటు తీసుకెళ్లి సైదలవి కుడి మణికట్టు మీద ఒక చెంచాడు పోశాడు.

"ఊహూ. కాలుతోంది. ఆగు."

ఆగాడు. మళ్లీ పోశాడు.

"ఇంకొంచెం."

ముగ్గురూ నిలబడ్డారు. బియ్యాత్తు గుమ్మం దగ్గర నడుమున చేతులు పెట్టుకుని చూస్తోంది. మూడోసారి పోసినప్పుడు సైదలవి కళ్లు మూసుకుని, స్టాపు దగ్గర బండి కదిలించే ముందు డ్రైవరు ఇంజను చప్పుడు వినేటట్టు, కాసేపు విన్నాడు.

"సరే. పోనివ్వు."

చాత్తుణ్ణి గుడ్డ ఎత్తాడు. ఎదురుగా వేలాయుధనూ ఎత్తాడు. రెండు గుడ్డల చప్పుడూ ఒకటిగా పడింది.