ఎల్లవ్వ కుట్టిన బట్ట చెండ్లు

1938. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. బజారులో నాది చిన్న దర్జీ దుకాణం, కాలితో తొక్కే మిషన్ ఒకటి. ఎవరేది అడిగినా ఎందుకా అని అనుమానించడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. అందుకే మా వాడకట్టు ఎల్లవ్వ తీరు నాకు మింగుడు పడలేదు.

గుడ్డ కత్తిరించగా మిగిలే ముక్కలను మేము కత్రన్ అంటాము. దిండ్లలో కూరుకోవడానికి ఎవరైనా దోసెడు పట్టుకుపోతారు. ఎల్లవ్వ మాత్రం కూర్చుని ఏరేది. అరచేతంత ముక్కలు, అవీ పసుపు, ఎరుపు, నలుపు రంగులవే.

"ఏంటికవ్వ గివి?" అని అడిగాను.

"ఇంట్ల పనున్నది నర్సన్న," అని చూపు తిప్పుకుంది.

బాణామతికి, అంటే చేతబడికి, వాడే రంగులవి. ఆ పేరు పడ్డ ఆడదాని పళ్లు రాలగొట్టేవారు, మంత్రం పలకకుండా. ఆమె వచ్చి వెళ్లినప్పుడల్లా ఏమైనా పెట్టి పోయిందేమోనని దుకాణమంతా ఒకసారి వెతుక్కునేవాడిని.

వానాకాలంలో గంగారాం బర్రె పాలివ్వడం మానేసింది. ఎల్లవ్వ ఇంటికీ అతని కొట్టానికీ నడుమ ఒక్క మట్టిగోడే. కొట్టం గడ్డిలో మూడు రంగుల ఉండ ఒకటి దొరికింది. గంగారాం చేత్తో ముట్టకుండా దాన్ని చేటలో పెట్టుకుని, వాడకట్టు జనంతో నా దుకాణం మీదికి వచ్చాడు.

"గీ బట్ట నీ దుకాణంలదే. ఎవలు కొంచవోయిన్రో చెప్పు. పండ్లు రాలగొడ్తం."

పేరు నా నాలుక మీదే ఉంది. భయమేసింది. ఉండను చేతిలోకి తీసుకున్నాను. మంత్రగాళ్లు మూట కట్టి ముడి వేస్తారు. దీనికి ముడి లేదు. తిరగేసి కుట్టి, అంచులు లోపలికి పోయేలా మళ్లీ తిరగతిప్పిన కుట్టు. చేతికి గరుకు తగలకూడదనుకున్నప్పుడే ఎవరైనా అంత శ్రమ పడతారు. కత్తెరతో ఒకపక్క విప్పాను. లోపల ఇసుక, వడ్ల పొట్టు.

"ఇసుకతోని బాణామతి ఎవలు జేస్తరు గంగారాం?"

"ఇసుకకే మంత్రమేసిన్రేమో," అన్నాడు.

అంతలో గోల విని ఎల్లవ్వే వచ్చింది, అలాంటివే మరో రెండు కొంగులో పట్టుకుని. వెనకాల ఆమె మగడు పోశెట్టి. జాతరల్లో ఇత్తడి గుండ్లు గాలిలో ఆడించిన గారడివాడు. మోకాళ్ల నొప్పులని ఆట మానేశాడని అందరం అనుకునేవాళ్లం.

"గది నాదే," అంది ఎల్లవ్వ.

"ఎందుకు కుట్టినవ్?" అన్నాడు గంగారాం.

ఆమె మగడి వంక చూసి నోరు మూసుకుంది. పళ్లు రాలగొడతామన్నా చెప్పదేమి? నాకు మళ్లీ అనుమానం వచ్చింది.

"గది కుట్టియ్యి నర్సన్న," అన్నాడు పోశెట్టి.

కుట్టి ఇచ్చాను. మూడూ తీసుకుని బజారు నడుమ నిలబడి ఎగరేశాడు. చేతులు వణికాయి. ఒకటి కింద పడింది. మళ్లీ ఎగరేశాడు, మళ్లీ పడింది. చప్పుడు లేదు.

"జరమొచ్చి పోయినంక చేతులు నిలుస్తలేవు," అన్నాడు తల దించుకుని. "ఇత్తడి గుండు పడ్తె వాడకట్టంత ఇనబడ్తది. గందుకే నా ఇజ్జత్ పోవద్దని గివి కుట్టింది. రంగులుంటె గాల్ల మంచిగ కనబడ్తయ్. ఒకటి గోడ దాటింది. వాపస్ అడిగితె ఎందుకంటరని ఊకున్నం."

ఎల్లవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

గంగారాం వంగి, అంతదాకా ముట్టడానికి భయపడ్డ ఆ ఉండను బురదలోంచి తీశాడు. తువ్వాలతో తుడిచి పోశెట్టి చేతిలో పెట్టాడు.

"మల్ల ఎయ్యి పోశన్న," అన్నాడు.

నా అనుమానపు బుద్ధి ఇప్పటికీ పోలేదు. కానీ మనుషులు పాపాన్నే కాదు, సిగ్గునూ దాచుకుంటారని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత ఎల్లవ్వ కోసం మెత్తని ముక్కలు చూసి నేనే పక్కన పెట్టేవాడిని. ఎందుకని మాత్రం అడగలేదు.