పెండ్లికారుకి చలేసిన రోజు

ఆ రోజుల్లో మా ఇంట్లో వేణ్ణీళ్లు ముందు కారుకి, తర్వాతే మనుషులకి. నెల్లూరు జిల్లాలో చలేమిటని నవ్వేవాళ్లు డిసెంబరు నెలలో ఒక్కసారి ఉదయగిరిలో తెల్లవారుజామున లేచి చూడాలి. కొండ మీంచి దిగే గాలికి మనుషులే ముడుచుకుని పడుకుంటే, మా నాయన పాత డీజిల్ అంబాసిడర్ సంగతి చెప్పేదేముంది? ఎంత తిప్పినా దగ్గడమే తప్ప స్టార్టయ్యేది కాదు. అమ్మ పొయ్యి మీద కాచిన నీళ్లు నాయన పట్టుకెళ్లి రేడియేటర్లో పోసేవాడు. అప్పటికి గాని అది కదిలేది కాదు. కదిలినా నాలుగైదు మైళ్లు దారంతా తెల్లపొగ చిమ్ముకుంటూ ఈడ్చుకుంటూ పోయేది. ఆ కారు బాడుగలకి తిరిగితేనే మాకు అన్నం, నాకు చదువు. అందుకని అమ్మ కూడా గొణగడమే గాని నీళ్లు కాచడం మానలేదు.

నేనప్పుడు నెల్లూరులో పాలిటెక్నిక్ రెండో సంవత్సరం, మెకానికల్. క్లాసు మొత్తానికి ఇద్దరమే ఆడపిల్లలం. (ఆ సంగతి ఎదుటివాళ్లకు గుర్తు చేయకుండా పది నిమిషాలు ఉండగలిగేదాన్ని కాదు.) క్రిస్మస్ సెలవులకు ఇంటికొచ్చి, కారు దగ్గు రెండు రోజులు విని, మూడో రోజు బానెట్ ఎత్తి పరీక్ష చేశాను. ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్లోకి పోనీకుండా ఆపే చిన్న వాల్వు ఒకటుంటుంది. అది లేదు. ఎప్పుడో ఎవరో మేస్త్రీ "ఇది చలిదేశాలోళ్లకి, మనకెందుకన్నా" అని పీకేశాడట. నాకు రోగం దొరికింది. మందు కూడా పుస్తకంలోనే ఉంది.

"రేడియేటరుకి ముందర అట్ట అడ్డం పెడదాం నాయనా. చల్లగాలి తగల్దు, ఇంజను బిరీన వేడెక్కుద్ది" అన్నాను.

"ఇంకా నయం, దుప్పటి కప్పమనలేదు! నా ఇంజను సంగతి నాకు తెల్దా పాపా?"

"తెలిస్తే ఇంత పొగ ఎందుకొస్తాది?"

నాయన బానెట్ దబ్బున మూసి లోపలికి పోయాడు. మర్నాడు జలదంకి బాడుగకు పోతూ మాత్రం, "సరే, కట్టు చూద్దాం" అన్నాడు. బిస్కెట్ల పెట్టె అట్ట ఒకటి కోసి, ముందు జాలీకి రేడియేటరుకి మధ్య దోపి పురికొసతో కట్టాను. ఊరు దాటేసరికే పొగ ఆగిందట. ఎండెక్కాక తీసి డిక్కీలో పడేశాడట. సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుంటూ, "ఏందో, బాగానే ఉండాది" అన్నాడు. మా నాయన నోట అంతకు మించిన పొగడ్త పుట్టిన దాఖలా లేదు. ఆ ఒక్క ముక్కతో నా కాళ్లు నేల మీద లేవు. వీధిలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇంజను గురించి పాఠం చెప్పాను. పాలు పోయడానికొచ్చినావిడ చెంబు చేతిలో పట్టుకుని వాల్వు సంగతి మొత్తం విని, "మా గేదెకి కూడా చలేస్తాది పాపా" అని వెళ్లిపోయింది.

మూడు రోజుల తర్వాత మా పక్కవీధి లెక్కల సారు పెండ్లి. ఆత్మకూరు చర్చిలో పది గంటలకి. పెండ్లికొడుకుని తీసుకుపోయే బాడుగ నాయనది. పెండ్లిలో పాటలు పాడే గుంపులో నేనూ ఉన్నాను గనుక నాకూ కార్లో చోటు దొరికింది. ఆ పొద్దు చలి మరీ ఎక్కువగా ఉంది. పెండ్లికారు ఊరి మధ్యలో దగ్గితే నా పరువేం కావాలి? అందుకని ఈసారి ఒక అట్ట కాదు, రెండు కట్టాను. అంచుల్లో సందుల్లేకుండా గుడ్డపీలికలు కూడా కుక్కాను. దాని మీద పెండ్లివారు బంతిపూల దండలు అడ్డంగా నిలువుగా కట్టేశారు. లోపల ఏముందో దేవుడికీ నాకూ తప్ప తెలియదు.

ఏడింటికి బయలుదేరాం. ముందు సీట్లో నల్ల సూట్లో సారు, వెనక ఆయన మేనత్త, ఇద్దరు చుట్టాలు, నేను. బండి హాయిగా పోతోంది. ఎనిమిదిన్నరకి ఎండ చుర్రుమంది. నాయన అద్దంలోంచి నన్ను చూసి, "అట్ట తీద్దామా పాపా?" అన్నాడు.

తీయాలంటే పూలదండలన్నీ విప్పాలి. పైగా పుస్తకం చదివింది నేను. "ఉండనీ నాయనా. ఎంత వేడిగా ఉంటే అంత మైలేజీ" అన్నాను. ఏ పుస్తకంలోనూ లేని మాట అది. మీటరులో వేడి చూపించే ముల్లు ఎప్పుడో పాడైపోయి, ఎండాకాలంలో కూడా చలి దగ్గరే పడుకుని ఉండేది. అది పాడైన సంగతి మరిచి, దాన్ని చూసి నేను ఇంకా ధైర్యంగా ఉన్నాను. చదువుకున్న బిడ్డ చెప్పిందని నాయన బండి ఆపకుండా పోనిచ్చాడు.

ఆత్మకూరు ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా కార్లో ఉడికిన పూల వాసన మొదలైంది. మేనత్త ముక్కు ఎగబీల్చి, "ఎవురో బంతిపూలతో కూరొండుతుండారే" అంది. ఆ వెంటనే దండల్లోంచి ఆవిరి బుస్సుమని లేచింది. "ప్రభువా! పెండ్లికొడుకుని దించండ్రా!" అని ఆమె కేక. నాయన బండి పక్కకు ఆపి, దండలు పీకి, బానెట్ ఎత్తాడు. రెండు అట్టలు, వాటి చుట్టూ గుడ్డపీలికలు. ఆయన వాటిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

సారు గడియారం చూసుకుని, తొమ్మిది దాటిందని చెప్పి లెక్క కట్టాడు. "ఇది చల్లారేదానికి అరగంట. నీళ్లు తెచ్చేదానికి పావుగంట. పోయేదానికి ఇరవై నిమిషాలు. మామా, పెండ్లి నేను లేకుండానే అయిపోయేట్టుండాది." అరగంట కాచాక, జనంతో నిండి ఊరూరా ఆగే షేర్ ఆటో ఒకటి వచ్చింది. సారు మేనత్తనీ చుట్టాలనీ ఎలాగో లోపలికి నెట్టి, తను డ్రైవరు పక్కన సగం సీటు మీద కూచున్నాడు. సూటుకి దుమ్ము పట్టకుండా ఎవరిదో తువ్వాలు తలమీంచి కప్పుకుని వెళ్లిపోయాడు. నేను పక్కనున్న నిమ్మతోటలో బావి దగ్గరికి రెండుసార్లు పరిగెత్తి నీళ్లు మోశాను. నాయన మూత తీసి పోశాడు. అట్టలు తీసేసి, పూలు మళ్లీ కట్టి ఇద్దరం బయలుదేరాం. (పెండ్లికారు కదా, బోడిగా పోతే బాగుండదని నేనే కట్టాను. నా బుద్ధి అప్పటికీ అంతే.)

చర్చి గేటు దగ్గర పెండ్లికూతురివాళ్లంతా పూలకారు కోసమే కాచుకుని ఉన్నారు. దుమ్ము కొట్టుకుని, తలమీద తువ్వాలుతో ఆటో దిగి, మొహం కడుక్కునేందుకు మేనత్త వాళ్లతో కలిసి నేరుగా చర్చి వెనకున్న పాస్టరయ్య ఇంట్లోకి పోయినవాణ్ణి ఎవరూ పట్టించుకోలేదు. మా కారు కనబడగానే బ్యాండు మోగింది. ఆడవాళ్లు పూలరేకులు చల్లారు. పెండ్లికూతురి చిన్నాన్న పూలదండ పట్టుకుని ముందుకొచ్చి తలుపు తీశాడు. తడిసిన లంగా ఓణీతో, మొహాన మసితో నేను దిగాను.

బ్యాండు ఆగిపోయింది.

"పెండ్లికొడుకేడీ?" అన్నాడు చిన్నాన్న. ఎవరో ఆడమనిషి "పారిపోయినాడంట!" అనేసింది. ఇక ఆ గోల వర్ణించలేను. లోపలినుంచి సారు తడి మొహంతో పరుగున వచ్చి "ఈడుండా, ఈడుండా!" అని చేతులెత్తి నిలబడేదాకా అది సద్దుమణగలేదు. అప్పుడు చిన్నాన్న కోపం మొత్తం నాయన మీదికి తిరిగింది. "పెండ్లి బాడుగ ఒప్పుకొని బండి చూసుకోవద్దా? ఏం డ్రైవరివయ్యా నువ్వు?"

నాయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, "తప్పు నాదే అన్నా. ముందే చూసుకోవాల్సింది" అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ దారిలో బండి తోలినవాడు, తలొంచుకుని నిలబడ్డాడు. "కాదు. అట్టలు కట్టింది నేను. నాయన తీస్తానంటే వద్దన్నది నేనే" అన్నాను, కావలసినదానికంటే గట్టిగా.

చిన్నాన్న నన్ను ఎగాదిగా చూశాడు. "ఏం చదువుతుండావమ్మా?"

"మెకానికల్."

ఆయన ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. "అయితే ఇంజను ఉడకబెట్టేది ప్రాక్టికల్సా?" అన్నాడు. జనమంతా నవ్వారు. పెండ్లి పావుగంట ఆలస్యంగా, సుఖంగా జరిగింది. నేను ఏ పాటా సరిగ్గా పాడలేదు.

తిరిగొచ్చేటప్పుడు కార్లో మేమిద్దరమే. చాలా దూరం పోయాక నాయన, "నువ్వు చెప్పింది తప్పు కాదు పాపా. యాడ ఆపాల్నో అది నీకింకా తెల్దు" అన్నాడు. ఇంజను గురించే అన్నాడనుకుంటాను.

మర్నాడు నేను లేచేసరికి ఆయన కారు ముందు గొంతుకూచుని ఉన్నాడు. ఒకే అట్ట, దాని మధ్యలో కొంచెం గాలి పోయేట్టు పళ్లెమంత గుండ్రటి కంత కోసి కడుతున్నాడు. "మీ బుక్కులో ఈ కంత ఉండాదా?" అన్నాడు. లేదన్నాను. "అయితే రాసుకో."

రాసుకున్నాను. ఈ మధ్య పాత పుస్తకాలు సర్దుతుంటే ఆ పేజీ కనబడింది. రేడియేటరు బొమ్మ పక్కన గుండ్రటి చేతిరాతతో "ఎండెక్కితే తీసేయాలి. ఎవరు చెప్పినా వినాలి" అని ఉంది. కింద మూడు గీతలు. అప్పటినుంచీ నేను అందరి మాటా వింటూ బతికానని రాయాలనే ఉంది గాని, మా ఇంట్లోవాళ్లు ఇది చదువుతారు. అన్ని గీతలు కొట్టుకున్నా ఆ పిల్ల ఏమంత మారలేదు. ఆ పేజీ చూసి చాలాసేపు ఒక్కదాన్నే నవ్వుకుంటూ కూచున్నాను.